పద్మప్రియ రాయలేని పెళ్లి

పద్మప్రియ నవల రాస్తోందని తెలిసినప్పుడు మా పల్లెలో సగం మంది నమ్మలేదు. మిగతా సగం మంది తమ గురించే రాస్తోందేమోనని భయపడ్డారు. నేను ఆ రెండు రకాల్లోనూ లేను. కంబదూరులో మండలాఫీసు ఎదురుగా ఆమెది జిరాక్స్ అంగడి, నాది టైలరింగ్ అంగడి. రెండింటికీ మధ్య ఒకటే గోడ, అదీ నడుము ఎత్తే. పొద్దున పల్లె నుంచి ఒకే ఆటోలో వస్తాం, సాయంత్రం ఒకే ఆటోలో పోతాం. ఆమె రాసిన ప్రతి అధ్యాయం ముందు నా చెవిలోనే పడేది. తప్పించుకోవాలన్నా దారి లేదు.

ఫోన్లో కథలు చదువుకునే యాప్ ఒకదాంట్లో వారం వారం వచ్చేది ఆ నవల. కరువు ఊళ్లో గొడుగుల అంగడి పెట్టిన ఒక తిక్క కుర్రాడు, రోజూ ఆ అంగడి ముందు నిలబడి వాణ్ని ఎగతాళి చేసే బోరు లారీ ఓనరు కూతురు. చదివినవాళ్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నేను కుట్టుమిషన్ ఆపి మరీ నవ్వేదాన్ని. "వీళ్ల పెళ్లెప్పుడు మేడం?" అని గుంటూరు నుంచి, దుబాయ్ నుంచి కూడా అడిగేవాళ్లు. చివరికి పెళ్లి అధ్యాయం పెట్టింది. పెట్టిన పూటే ఎవరో ఒకామె కింద రాసింది: "ఈ పెళ్లి చదువుతుంటే చావింటికి వెళ్లొచ్చినట్టుంది. ఒక్కచోటా నవ్వు రాలేదు. కాస్త రీసెర్చ్ చేసి రాయండి."

నాకు ఒళ్లు మండిపోయింది. డబ్బు పెట్టి కొన్నావా, ఊరికే చదువుతూ ఈ వంకలేమిటి అని నేనే జవాబు రాయబోయాను. పద్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. ఆ అధ్యాయం మొత్తం తీసేసింది.

"ఆయమ్మ చెప్పింది నిజమేమ్మే అశ్వినీ. పెండ్లంటే నాకు ఏడుపే గుర్తొస్తాది. ఆడ నవ్వేది యాడుంటాదో నాకు తెల్దు. పోయి కనుక్కోవల్ల."

ఆమె ఆ మాట ఊరికే అనలేదు. ఎందుకో చెప్పాలి.

పద్మకు ఇరవై రెండేళ్లకే పెళ్లి చేశారు. ఏడాది తిరక్కుండా పుట్టింటికి వచ్చేసింది. మొగుడు తాగుబోతు కాదు, కొట్టేవాడూ కాదు. ఆమె ఆ ఇంట్లో కాలు పెట్టిన నెలలోనే వాళ్ల చేనులో బోరు ఎండిపోయింది. ఆ వేసవిలో చుట్టుపక్కల బోర్లన్నీ ఎండిపోయాయి, కానీ ఆ సంగతి ఎవరికి కావాలి? అత్త కోడలి కాలును తిట్టింది. చుట్టాలు ఔనన్నారు. మొగుడు కాదనలేదు. రోజూ అన్నం పెట్టేటప్పుడు, బిందె ఎత్తేటప్పుడు, ఇంట్లో పాలు విరిగినా ఆ మాటే. వినీ వినీ ఒకరోజు బస్సెక్కి వచ్చేసింది. తర్వాత కోర్టులో విడాకులు కూడా అయిపోయాయి. కానీ "బోరు ఎండగొట్టిన పిల్ల" అన్న పేరు మాత్రం కోర్టు తీసెయ్యలేదు.

ఇక వీరేష్ సంగతి. మా పల్లెవాడే. నాలుగెకరాల చేను, ఒక మినీ లారీ. తాడిపత్రి నుంచి బండలు తెచ్చి ఇళ్లు కట్టుకునేవాళ్లకు దించుతాడు, మిగతా పొద్దు టమోటా తోటలో ఉంటాడు. ముప్పై ఆరేళ్లొచ్చినా పెళ్లి కాలేదు. ఈ కాలంలో సేద్యం చేసేవాడికి పిల్లనిచ్చేదెవరు? ఏదో ఒక కాగితం పట్టుకుని వారానికి నాలుగుసార్లు పద్మ అంగడికి వచ్చేవాడు. ఒకే ఆధార్ కార్డుకు అన్ని జిరాక్సులు తీయించుకున్న మనిషి మండలంలో ఇంకొకడు ఉండడు. ఒకరోజు నేనే నిలదీశాను.

"ఏమప్పా వీరేష్, ఆ కార్డులతో ఇంటికి పైకప్పు వేస్తాండావా?"

సిగ్గుపడి నవ్వాడు. "అశ్వినక్కా, నువ్వన్నా రోంత అడిగి చూడు. ఆమెకు ఇష్టమయితే రేపే చేసుకుంటా."

అడిగాను. పద్మకు ఇష్టమే. అతని బండి హారన్ వినిపిస్తే చాలు, మిషన్లో కాగితం తలకిందులుగా పెట్టేది. అయినా ఔననదు, కాదనదు. గట్టిగా పట్టుకుంటే అసలు మాట బయటపెట్టింది.

"ఆయన బోరులో రెండించుల నీళ్లు పడతాండాయి. టమోటా అంతా దాని మీదనే. నేను పోయినాక అది ఆగిపోతే? మళ్లా ఆ మాట పడేదానికి నా చేత కాదు. ఆయన గూడా నన్ను అట్ల చూస్తే నేను బతకలేను."

"వీరేష్ అట్లాటోడు కాదు" అన్నాను.

"ఆయప్ప గూడా అట్లాటోడు కాదు మొదట్లో" అంది. ఆయప్ప అంటే మొదటి మొగుడు.

ఇంతలో తాడిపత్రిలో ఉండే వీరేష్ అక్క ఒక సంబంధం చూసింది. వాళ్లు వినాయక చవితి లోపల మాట చెప్పమన్నారు. వీరేష్ ఆ సంగతి నాకు చెప్పి తల వంచుకుని నిలబడ్డాడు. ఆ రోజు నుంచి నాకు మనశ్శాంతి లేదు. జాకెట్టుకు చేతులు తిప్పి కుట్టేసి రెండుసార్లు విప్పుకున్నాను. ఇటు చూస్తే ఆమె నోరు విప్పదు, అటు చూస్తే ఆకాశం కరగదు. ఆషాఢం పోయింది, శ్రావణం సగానికొచ్చింది. విత్తనాల వేరుశనగ మూటలు ఇళ్లల్లో అలాగే ఉన్నాయి. మగాళ్లు మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆపి పడమటి వైపు చూసేవాళ్లు. ఊరు ఊరంతా కాలు కాలిన పిల్లిలా ఉంది.

అలాంటి రోజుల్లో మా మహాతల్లి రీసెర్చ్ మొదలుపెట్టింది. జిరాక్సుకు వచ్చిన ప్రతివాళ్లనూ ఒకే ప్రశ్న: "నీ పెండ్లిలో నువ్వు ఎప్పుడు నవ్వినావు?" అడిగి ఫోన్లో రికార్డు పెట్టేది. పింఛను కాగితం తెచ్చినవాళ్లనీ వదల్లేదు, భూమి తగాదా కాగితం తెచ్చినవాళ్లనీ వదల్లేదు. కొందరు తిట్టారు. ఒకాయన ఇది గవర్నమెంటు సర్వేనా అని అడిగి, కాదంటే నిరాశపడ్డాడు.

చర్చిలో పెళ్లయిన కృపాకుమారి టీచరు అంది: "పాస్టరుగారు ఇంగా ప్రశ్న సగం గూడా అడగలేదు, మా ఆయన 'ఒప్పుకుంటాండా' అని అరిచేసినాడు. పాస్టరుగారు 'ఉండు నాయనా, ఇంగా నేనేమీ అడగలేదు' అన్నాడు. నేను ముసుగులో పడీ పడీ నవ్వినా."

మండలాఫీసు అటెండరు జయరాముడు చెప్పింది ఇంకా బాగుంది. సరిగ్గా తాళి కట్టే ముందు ఊళ్లోకి నీళ్ల ట్యాంకరు వచ్చిందట. అంతే, ఆడపెళ్లివాళ్లూ మగపెళ్లివాళ్లూ బిందెలు పట్టుకుని పరుగో పరుగు. వంటవాడు కూడా పోయాడు. పందిట్లో మిగిలింది పెళ్లికొడుకు, పెళ్లికూతురు, మంత్రాలు చదివే అయ్యవారు.

"అయ్యవారు గూడా లేచి చూస్తాండాడు మేడం. అప్పుడు మా ఆడమనిషి మొదటిసారి నాతో మాట్లాడింది. 'నువ్వు పోలేదేమి, మీ ఇంట్లో బిందె లేదా?' అనె. ఇద్దరమూ నవ్వినాము. ఆ నవ్వుతోనే ఇన్నేండ్లు గడిచిపాయ."

పద్మ ఆ రికార్డు మళ్లీ మళ్లీ వినేది. నన్ను కూడా అడిగింది. "మాది తెల్లవారుజాము ముహూర్తం, నిద్రలో ఉన్నా, పోమ్మే" అన్నాను. నిజం అదే. ఆ రోజు వెళ్తూ వెళ్తూ జయరాముడు ఊరికే అడిగాడు, మరి మీరు ఎప్పుడు నవ్వినారు మేడం అని. పద్మ మిషన్ మూత తెరిచి, లేని కాగితం కోసం వెతికింది. పాపం, ఆయనకు తెలియదు.

అప్పుడొచ్చింది గాడిదల పెళ్లి. వానలు లేకపోతే మా వైపు గాడిదలకు పెళ్లి చేయడం ఉంది. మగ గాడిద మా పల్లెలో లింగన్న దగ్గర ఉంది, ఇటుకలు మోస్తుంది. ఆడ గాడిద పై ఊరి నుంచి రావాలి. ఇప్పుడు గాడిదలు ఎక్కడున్నాయి? ఊళ్లన్నీ తిరిగి బెళుగుప్ప అవతల ఎక్కడో ఒకదాన్ని పట్టుకుని తన మినీ లారీలో తెచ్చాడు వీరేష్. మా ఊరి పెద్దమనిషి దాసప్ప అందరినీ పిలిచి ముహూర్తం చెప్పాడు. ఆడపెళ్లివాళ్లుగా ఎవరుంటారు అని అడిగాడు.

"నేనుంటా" అంది పద్మ.

పద్మ తల్లి చిన్నక్క అక్కడే ఉంది. కూతురి చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. "సిగ్గుండాదా నీకు? నలుగురూ నవ్వేదానికా?"

"నలుగురూ నవ్వేదే నాకు కావల్ల కదమ్మా" అంది కూతురు. చిన్నక్క కొంగుతో మొహం తుడుచుకుని ఇంటికి వెళ్లిపోయింది. చిన్నక్క తప్పు కూడా కాదు. అయిదారేళ్లుగా ఆమెకున్న కోరిక ఒకటే, తన కూతురి పేరు ఎవరి నోటా రాకూడదని.

పద్మ మాత్రం ఏదీ తగ్గించలేదు. పెళ్లిచూపులు జరపాలంది, జరిపాం. మగ గాడిద మొహం తిప్పుకుంది. పెళ్లికూతురికి చీర కట్టాలంది. ధర్మవరం నుంచి నాకు వచ్చిన డ్యామేజీ పట్టు ముక్క ఒకటి ఉంటే, దాన్ని నడుముకు నిలిచేలా కుట్టమంది. ఏ మిషన్ మీద కుట్టను, ఏ కొలతకు కుట్టను అని నేను అరిచినా వినలేదు. చివరికి టేపు పట్టుకుని పోయాను. గాడిదకు కొలతలు తీసిన టైలరు అనంతపురం జిల్లాలో నేనొక్కదాన్నే అనుకుంటా. నడుముకు టేపు చుట్టేసరికి ఒక్క తన్ను తన్నింది, నేను పోయి గడ్డివాములో పడ్డాను.

వీరేష్ దాని చెవులు పట్టుకుని నవ్వుతున్నాడు. పద్మ ఫోన్లో వీడియో తీస్తూ నవ్వుతోంది. నాకు మోచెయ్యి దోక్కుపోయి మంట, అయినా ఆ ఇద్దరి నవ్వూ చూస్తే తిట్టబుద్ధి కాలేదు. అంత ఎడతెగకుండా పద్మ నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

"పెండ్లికూతురికి ఇష్టం లేదేమో కనుక్కో పద్మా" అన్నాడు వీరేష్. "ఇష్టం లేదంటే ఈ పొద్దే వెనక్కి తోలుకొని పోతా. బలవంతం చేసేది మనకు చేత కాదు."

పద్మ నవ్వు ఆగిపోయింది. ఫోన్ దించింది. అతను అన్నది గాడిద గురించి కాదని అక్కడున్న ముగ్గురికీ తెలుసు. అప్పుడన్నా ఒక మాట అంటుందేమోనని చూశాను. "చీర సాయంత్రానికి అయిపోతాదా అశ్వినీ?" అంది. నా కోపం నషాళానికంటింది.

పెళ్లి రోజు హనుమంతుని గుడి ముందు పందిరి వేశారు. రెండు గాడిదలకూ పసుపు పూశారు, నుదుట బాసికాలు కట్టారు. నా చీర బాగానే నిలిచింది. వాయించడానికి బెళుగుప్ప నుంచి మేళగాడు ఓబుళేసు వచ్చాడు. ఊరేగింపు ముగిసింది, దాసప్ప పసుపుకొమ్ము కట్టిన తాడు చేతిలోకి తీసుకున్నాడు, ఓబుళేసు డోలు ఎత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. దగ్గరికొచ్చి ఆడ గాడిద చెవి పట్టుకుని చూశాడు.

"ఓయప్పా! ఇది మా ఊర్లో పోయినేడు పెండ్లయిన గాడిద కదప్పా! చెవి తెగిండాది చూడు. దీని పెండ్లికి మేళం కొట్టింది నేనే!"

పందిట్లో గోల లేచింది. దాసప్ప చేతిలోని తాడు వెనక్కి తీసుకున్నాడు. "పెండ్లయిన గాడిదా? ఏమప్పా వీరేష్, ఇదేనా నువ్వు తెచ్చిన సంబంధం?"

వీరేష్ అన్నాడు, "పెద్దాయనా, జిల్లా అంతా తిరిగినా. ఉండేదే నాలుగు గాడిదలు. ఎన్నూర్లకని కొత్తది దొరుకుతాది?"

"సరే, పోయినేడు మీ ఊర్లో వాన పడిందా?" అని దాసప్ప ఓబుళేసును అడిగాడు.

"చినుకు గూడా పడలేదు పెద్దాయనా."

"ఇంకేముండాది! కాలు మంచిది కాదు దీనిది. మొదటి పెండ్లికే వాన రాలేదు, మళ్లా దీన్నే తెచ్చి మన ఊరి నెత్తిన పెడితే ఎట్ల? తోలండి దీన్ని ఈడనుంచి."

ఎవరో గాడిద మీద చిన్న రాయి విసిరారు. పిల్లలు నవ్వారు. నేను పద్మ వైపు చూశాను. ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది, అది ఎటు తిరిగి ఉందో ఆమెకే తెలియదు. ఇంటికి వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు. నేరుగా పోయి గాడిదకూ రాళ్లకూ మధ్య నిలబడింది.

"లింగన్నా" అని పిలిచింది. "నీ మగ గాడిదకు ఇంతకు ముందు పెండ్లయిందా?"

లింగన్న బుర్ర గోక్కున్నాడు. "అయిందమ్మా. పోయినేడు, అంతకు ముందేడు గూడా ఇదే కదా పెండ్లికొడుకు. మన ఊర్లో ఉండేది ఇదొక్కటే."

"ఆ రెండుసార్లూ వాన వచ్చిందా?"

"యాడొచ్చిందమ్మా."

పద్మ దాసప్ప వైపు తిరిగింది. "మరి దాని కాలు మంచిదేనా పెద్దాయనా? దాన్ని ఎవురూ రాయి తీసుకొని కొట్టలేదే? రెండు పెండ్లిండ్లు చేసుకొని ఈ పొద్దు మూడోదానికి పసుపు పూసుకొని నిలబడిండాది. ఆ మాట ఎవురికీ గుర్తు రాలేదే? వాన రాకపోతే ఆడదాని కాలేనా? ఆకాశానికి తప్పు లేదా, మనకు తప్పు లేదా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఆమె మాట్లాడుతోంది దేని గురించో అక్కడ తెలియనివాళ్లు లేరు. పద్మ ఏడుస్తూనే నిలబడింది, కానీ పక్కకు తప్పుకోలేదు. జనం వెనక నుంచి చిన్నక్క వచ్చింది. ఎప్పుడొచ్చిందో నేను చూడలేదు. అక్షింతల పళ్లెంలోంచి గుప్పెడు తీసుకుని, కూతురి భుజం మీదుగా ఆ గాడిద తల మీద వేసింది. "కట్టు దాసప్పన్నా, పొద్దుపోతాండాది" అంది. దాసప్ప కాసేపు మీసం నిమిరాడు. తర్వాత కట్టాడు. ఓబుళేసు చేతులు నొప్పి పుట్టేలా వాయించాడు.

కథలోనైతే ఆ సాయంత్రమే కుండపోత కురిసేది. నిజంగా జరిగింది చెబుతాను. పడమట మబ్బు లేచింది, ఊరంతా వీధుల్లోకి వచ్చి నిలబడ్డాం. మబ్బు మా తల మీదుగా కళ్యాణదుర్గం వైపు వెళ్లిపోయింది. వారం గడిచింది, చినుకు లేదు. ఊరికి ఎవరో ఒకరు కావాలి కదా అనడానికి. మొదట గాడిదను అన్నారు. అది బెళుగుప్ప అవతల హాయిగా మేస్తోంది, దానికేం పట్టింది? తర్వాత పద్మను అన్నారు. కొళాయి దగ్గర ఒకామె, ఆ పిల్ల అడ్డం పడకుంటే ఇంకో గాడిదను తెచ్చుకునేవాళ్లం, వాన వచ్చేది అందట. చిన్నక్క బిందె అక్కడే పడేసి ఆమెతో జుట్లు పట్టుకునేదాకా పోయింది. జన్మలో గొంతెత్తని మనిషి చిన్నక్క. నాకు లోపల సంతోషమే అయింది.

పద్మ మాత్రం మళ్లీ నత్తలా ముడుచుకుపోయింది. చవితి ఎల్లుండి అనగా గోడ మీదుగా నాతో అంది: "ఆయన్ను తాడిపత్రి సంబంధం చేసుకోమని చెప్పు అశ్వినీ."

"నీకేమన్నా దయ్యం పట్టిందా?"

"గాడిదను వెనకేసుకొచ్చినందుకే ఊరి వాన పోయిందంటాండారు. రేపు ఆయన బోరుకు ఏమన్నా అయితే? ఆయన నాలుగెకరాలు, ఆయన అక్క, ఆయన ఊరు, అందరూ కలిసి నన్నే అంటారు. నేను పందిట్లో నోరు తెరిచి మాట్లాడినా కానీ, ఇంట్లో రోజూ మాట్లాడేదానికి నాకు శక్తి లేదు."

"నేను చెప్పను. ఏ మొహం పెట్టుకొని చెప్తావో నువ్వే చెప్పుకో" అని కత్తెర విసిరికొట్టాను. ఆటోలో ఇద్దరం మాట్లాడుకోలేదు. ఇంట్లో అన్నం సయించలేదు. ఆ మాట నేను చెప్పకపోతే వీరేష్ ఎదురుచూస్తూ కూర్చుంటాడు. చెబితే ఇద్దరి బతుకూ నా నోటితోనే అయిపోతుంది. నా మొగుడు ఏమైందని అడిగితే ఆయన మీద కూడా అరిచాను.

మర్నాడు అంగళ్లు తెరిచామో లేదో, వీరేష్ మినీ లారీ వచ్చి ఆగింది. హారన్ కొట్టలేదు. లారీలో బండలు లేవు. బురద ఎండిన పైపులు, పైన ఒక మోటారు. వీరేష్ మోకాళ్లదాకా మట్టి. చేతిలో జిరాక్సు కాగితం కూడా లేదు. పద్మ లేచి నిలబడింది. ఆ తాడిపత్రి మాట చెప్పెయ్యాలని నోరు తెరిచింది. అతనే ముందు మాట్లాడాడు.

"బోరు ఎండిపాయ పద్మా."

పద్మ కుర్చీ పట్టుకుంది. "ఎప్పుడు?" అంది.

"మొన్నటినుంచి గాలే వస్తాండాది. రోంత చూద్దామని ఎవురికీ చెప్పలేదు. ఈ పొద్దు తెల్లారి మోటారు పైకి తీసినాము. అడుగున తేమ గూడా లేదు."

"టమోటా?"

"పాయ."

"మరి నవ్వుతాండావేమప్పా నువ్వు?"

నిజంగానే నవ్వుతున్నాడు. కళ్లు మాత్రం ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. "ఏడ్చేదంతా చేన్లోనే ఏడ్చినా. అన్నం గూడా తినకుండా నేరుగా ఈడికే వచ్చినా. నువ్వు ఇంగా మా గడప తొక్కలేదు, ఊరంతా చూసిండాది. ఈ బోరు నీ నెత్తిన ఎవురూ వెయ్యలేరు. మా అక్క గూడా వెయ్యలేదు. ఇంగ మా ఇంట్లో ఎండిపోయేదానికి ఏమీ మిగల్లేదు పద్మా. ఇప్పుడన్నా వస్తావా?"

పద్మ ఆ పైపుల వైపు చూస్తూ నిలబడింది. నేను గోడ ఇవతల నిలబడి చెప్పవే, చెప్పవే అని పళ్లు నూరుతున్నాను. ఆమె బెంచీ కింద నుంచి తన మధ్యాహ్నం క్యారియర్ తీసింది. మూత తెరిచి సంగటి, పప్పు పెట్టి, చెంబుతో నీళ్లు అతని చేతికిచ్చింది.

"చెయ్యి కడుక్కో" అంది.

"ముందు చెప్పు" అన్నాడు వీరేష్.

"వస్తాలేప్పా" అంది పద్మ. "తిను ముందు. పొద్దున్నుంచి ఏమీ తినలేదంటివి."